18వ సానెట్‌కి గురులఘువులు వేశాను, 10కి 3 మార్కులు. తప్పెక్కడ?

లంకపిల్ల
బీఏ రెండో సంవత్సరం, స్పెషల్ ఇంగ్లీషు. మాది అమలాపురం దగ్గర లంక. షేక్‌స్పియర్ 18వ సానెట్ (సానెట్ అంటే 14 లైన్ల పద్యం) రూపం, ఛందస్సు విశ్లేషించమని అసైన్‌మెంట్ ఇచ్చారు. 10 మార్కులకి 3 వేశారు. పక్కన ఎర్ర పెన్నుతో "స్కాన్షన్ అంతా తలకిందులు" అని రాసి ఊరుకున్నారు. స్కాన్షన్ అంటే లైన్లో దెబ్బలు ఎక్కడ పడతాయో గుర్తులు పెట్టడం. ఎక్కడ తలకిందులో అడిగితే గైడ్ చూసుకోమన్నారు. గైడ్‌లో ఏముందీ, ప్రతి లైనుకీ డిడమ్ డిడమ్ అని ఐదుసార్లు వేసి చేతులు దులుపుకున్నారు.

నేనేం చేశానంటే, టెన్త్‌లో తెలుగు మాస్టారు నేర్పినట్టు ప్రతి అక్షరానికీ గురువు, లఘువు గుర్తులు పెట్టుకుంటూ పోయాను. మొదటి లైను ఇదీ:

షల్ ఐ కంపేర్ దీ టు ఎ సమ్మర్స్ డే
గు గు గు గు గు ల ల గు గు గు

10 సిలబుల్స్ ఉన్నాయి, అంతవరకు బాగానే ఉంది. ఇందులో ఆ ఐదు డిడమ్‌లు ఎక్కడున్నాయో ఎవరైనా చూపించండి. రైమ్ స్కీమ్ ఏబీఏబీ, సీడీసీడీ, ఈఎఫ్ఈఎఫ్, జీజీ అని కరెక్ట్‌గానే రాశాను. ఆ 3 మార్కులూ దానికే అనుకుంటా. సెమిస్టర్‌లో కూడా ఇదే వస్తుందంటున్నారు, ఒకటే టెన్షన్.

కొబ్బరాకు
నన్నయ్య గారి గోదారి నీళ్ళు తాగి షేక్‌స్పియర్‌కి గణవిభజన చేశావా తల్లీ! 3 మార్కులు తక్కువో ఎక్కువో తేల్చడానికి మన ఎత్తుగీతి మాస్టారు రావాల్సిందే.

చెరువుగట్టు_రాజు
సగం గొడవ గుర్తుల దగ్గరే ఉంది. మన బళ్ళో గిన్నె గుర్తు గురువుకి, నిలువు గీత లఘువుకి. ఇంగ్లీషు స్కాన్షన్‌లో అదే గిన్నె గుర్తు స్ట్రెస్ లేని సిలబుల్‌కి పెడతారు, గీత స్ట్రెస్ ఉన్నదానికి. దిద్దినాయనకి నీ పేపరు అద్దంలో చూసినట్టు కనపడి ఉంటుంది. ఆ ముక్క చెబితే సరిపోయేది, చెప్పలేదు. అది ఆయన తప్పు.

రెండో సగం అసలుది. గురులఘువులు పలకడానికి పట్టే కాలాన్ని కొలుస్తాయి. ఇంగ్లీషు ఛందస్సు ఏ సిలబుల్ మీద ఒత్తు పడిందో చూస్తుంది. "కంపేర్" తీసుకో. మన లెక్కలో రెండూ గురువులే. వాళ్ళ నోట్లో "కం" నలిగిపోతుంది, "పేర్" మీద ఒత్తు పడుతుంది. అదే నీకు కావలసిన డిడమ్. "సమ్మర్" దానికి రివర్సు, ఒత్తు మొదటిదాని మీద.

నేను ఎంఏ ఇంగ్లీషు చేసి భీమవరం పక్కన రొయ్యల చెరువులు చూసుకుంటున్నాను. కాబట్టి నా మాటకి ఎంత విలువివ్వాలో మీ ఇష్టం.

ఎత్తుగీతి
గుర్తుల సంగతి ఒప్పుకుంటాను. అయితే అమ్మాయి పద్ధతి పూర్తిగా పనికిరాదంటే మాత్రం ఒప్పుకోను. ఆ పాదానికి మ, త, య గణాలూ చివర ఒక గురువూ వచ్చాయి. లెక్కలో ఒక్క తప్పు లేదు. ఇంత శుభ్రంగా గణవిభజన చేసే పిల్లలు ఇప్పుడు మా మండపేట హైస్కూల్లో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.

పైగా ఇంగ్లీషు కవులే ఈ పని చేసి చూశారు. 16వ శతాబ్దంలో సిడ్నీ లాంటివాళ్ళు లాటిన్ పద్ధతిలో దీర్ఘాలు, హ్రస్వాలు లెక్కపెట్టి ఇంగ్లీషులో పద్యాలు అల్లారు.

చెరువుగట్టు_రాజు
అల్లారు, వదిలేశారు కూడా మాస్టారూ. వాళ్ళ చెవికి ఒత్తే వినపడింది, కాలం వినపడలేదు.

యానాం_వాసి
ఇక్కడ మూడో రకం కూడా ఉంది. మా యానాంలో 1954 దాకా ఫ్రెంచివాళ్ళే కదా, మా తాతగారు బళ్ళో ఫ్రెంచి పద్యాలు బట్టీపట్టారు. ఫ్రెంచి సానెట్‌లో గురులఘువుల్లేవు, ఒత్తు లెక్కా లేదు. ఉత్త సిలబుల్స్ లెక్కే. ఎక్కువగా 12 సిలబుల్స్ లైను వాడతారు, ఆరు అవగానే చిన్న విరుపు. అమ్మాయి 10 లెక్కపెట్టి ఆగిపోయి ఉంటే ఫ్రెంచి మాస్టారు పాస్ చేసేవారు.

కొబ్బరాకు
ఇదుగో, అమలాపురంలో ఫెయిలైతే యానాం వెళ్ళి పాసవచ్చన్నమాట. ఇన్నాళ్ళూ యానాం వేరే పనులకి వెళ్తున్నారనుకున్నాను.

పంతులమ్మ_తణుకు
జోకులు తర్వాత. లంకపిల్లా, మన భాషలో మాటకి ఇంత గట్టిగా ఒత్తు ఉండదు కాబట్టి చెవిని నమ్ముకుంటే మొదట్లో బోల్తా పడతావు. డిక్షనరీని నమ్ముకో. మా తొమ్మిదో తరగతి పిల్లలతో నేను చేయించేది చెబుతాను.

ముందు ఒకటి కంటే ఎక్కువ సిలబుల్స్ ఉన్న మాటలు మాత్రమే పట్టుకో. సమ్మర్, కంపేర్, ఎటర్నల్, పొసెషన్, కాంప్లెక్షన్, డిక్లైన్స్. డిక్షనరీలో ప్రతిదానికీ ఒత్తు గుర్తు ఉంటుంది, అది మార్చడానికి ఎవరికీ హక్కు లేదు. వాటిని లైన్లో వేసేశాక ఒంటి సిలబుల్ మాటల్లో పేర్లు, పనులు చెప్పేవి చూడు: డే, షేక్, బడ్స్, మే. వాటికీ సాధారణంగా ఒత్తు పడుతుంది. మిగిలిన టు, ఎ, ద, ఆఫ్, అండ్ లాంటివి ఆఖర్న. ఈ వరసలో పోతే లైను తనే విడిపోతుంది. గైడ్‌లో లాగా మొదటి నుంచి డిడమ్ కొట్టుకుంటూ పోతే మాటల్ని పీక పిసికి కూర్చోబెట్టాల్సి వస్తుంది.

లంకపిల్ల
మేడమ్ చెప్పినట్టు చేశాను. చాలా లైన్లు వచ్చేశాయి. మొదటి లైన్లో మాత్రం రెండు చోట్ల ఆగిపోయాను. ఐదు డిడమ్‌లు రావాలంటే "టు" మీద ఒత్తు పడాలి. "టు"ని అలా నొక్కి ఎవరంటారండీ? రెండోది మొదట్లో "షల్ ఐ". ఒత్తు షల్ మీదా, ఐ మీదా?

చెరువుగట్టు_రాజు
షల్ మీదే. అడుగుతున్నాడు కదా, పోల్చనా అని. ప్రశ్న బరువంతా షల్ మీద ఉంది. మొదటి గణం తిరగబడింది, డమ్‌డి, దాన్నే ట్రోకీ అంటారు. సానెట్లలో లైను మొదట్లో ఇది చాలా మామూలు.

పంతులమ్మ_తణుకు
నాకలా వినపడదు. షల్ అక్కడ సహాయక క్రియ. మామూలుగా చదివితే రెండూ దాదాపు సమానం, ఐ కొంచెం పైన. అయాంబే, అంటే మామూలు డిడమే. తిరగబడిన గణం కావాలంటే 12వ లైను చూపించండి: "వెన్ ఇన్ ఎటర్నల్ లైన్స్". అక్కడ వెన్ మీద పడ్డ దెబ్బ స్పష్టంగా ఉంది.

చెరువుగట్టు_రాజు
12 ఒప్పుకున్నాను. 1 మీ దారిన మీరు చదవండి, నా దారిన నేను. ఏరియేటర్లు చూసొస్తా.

గట్టుమీద_సుబ్బు
ఈ ఇద్దరి తగాదాలోనే జవాబుంది. ఒత్తు ఉందా లేదా అని మాటని ఒంటరిగా నిలబెట్టి అడగకూడదు. జతలో పక్కదానికంటే ఎక్కువా తక్కువా అనే చూడాలి. "దీ టు" జతలో టు మీద నిజమైన ఒత్తు లేదు. అయినా ఆరో చోటు దెబ్బ పడాల్సిన చోటు కాబట్టి, దాని తర్వాతి "ఎ" ఇంకా తేలిక కాబట్టి, చెవి ఆ దెబ్బని తనే పూరించుకుంటుంది. మా ఊరి రామకోవెల భజనలో పాట ఆగిన చోట కూడా తాళం నడుస్తూనే ఉంటుంది కదా, అలాగ. ఆ లైన్లో నోటితో గట్టిగా పడే దెబ్బలు మూడు: పేర్, సమ్, డే. ఐదూ ఉన్నది మనసులో నడిచే తాళంలో.

పరీక్షలో రాయాల్సింది ఇదే. "ఈ పద్యం అయాంబిక్ పెంటామీటర్", అంటే లైనుకి ఐదు డిడమ్‌లు, అని ఒక్క వాక్యం రాసి, ఆ తర్వాత పేజీ అంతా పద్యం ఆ తాళం నుంచి ఎక్కడ తప్పుకుందో, తప్పుకుని ఏం సాధించిందో రాయాలి. గైడు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతుంది.

లంకపిల్ల
అయితే మూడో లైను? "రఫ్ విండ్స్ డూ షేక్ ద డార్లింగ్ బడ్స్ ఆఫ్ మే." రఫ్, విండ్స్ రెండూ సమానంగానే ఉన్నాయి.

గట్టుమీద_సుబ్బు
చాలామంది స్పాండీ అంటారు, రెండు ఒత్తులు పక్కపక్కన. విండ్స్ ఒక పిసరు ఎక్కువ కాబట్టి అది కూడా అయాంబే అనేవాళ్ళూ ఉన్నారు. ఏది రాసినా కారణం రాస్తే చాలు.

ఎత్తుగీతి
ఇప్పుడు నా వంతు. ఆ పాదానికి అమ్మాయి పద్ధతిలోనే గురులఘువులు వేయండి. రఫ్, విండ్స్, డూ, షేక్. వరసగా నాలుగు గురువులు. పైగా అన్నీ హల్లుల రాపిడి: ఫ్ పక్కన వ, ండ్స్ పక్కన డ. నోరు తిప్పుకోవడానికే టైము పడుతుంది. ఈదురుగాలికి కొమ్మ ఊగినట్టు ఆ పాదం అక్కడ బరువెక్కింది. ఆ తర్వాత "ద" ఒక్కటే లఘువు, అక్కడ ఊపిరి వదిలి "డార్లింగ్ బడ్స్"కి జారుతుంది. స్పాండీ అని పేరు పెట్టి వెళ్ళిపోతే ఇదంతా చెప్పినట్టా?

కాలం లెక్క ఇంగ్లీషు ఛందస్సుకి పునాది కాదు, ఒప్పుకున్నాను. కానీ పాదం ఎందుకు నెమ్మదించిందో చెప్పడానికి మన చెవి వాళ్ళ చెవికంటే చురుకు.

పంతులమ్మ_తణుకు
ఇది బావుంది మాస్టారూ. రేపు క్లాసులో వాడేస్తాను, మీ పేరు చెప్పను.

ర్యాలి_రవి
మా బ్యాచ్‌లో సీజురా అంటే యతి అని రాసి అందరం గుండుసున్నా తెచ్చుకున్నాం. ఎందుకో ఇప్పటికీ తెలీదు.

ఎత్తుగీతి
ఎందుకంటే తెలుగులో యతి విరామం కాదు నాయనా. పాదం మొదటి అక్షరానికీ, యతిస్థానంలో ఉన్న అక్షరానికీ మైత్రి కుదరాలి, అంతే. ఉత్పలమాలలో పదో అక్షరం, మత్తేభంలో పద్నాలుగో అక్షరం. అది మాట మధ్యలో పడ్డా పద్యం ఆగనక్కర్లేదు. యతి అంటే విరుపు అనేది సంస్కృతం వాళ్ళ లెక్క. సీజురా అలాంటి విరుపే, ఇంగ్లీషులో దానికి ఫలానా చోటనే నియమం కూడా లేదు. ఈ సానెట్ చివరి పాదంలో నాలుగో సిలబుల్ తర్వాత ఉంది: "సో లాంగ్ లివ్స్ దిస్," అని ఆగి, "అండ్ దిస్ గివ్స్ లైఫ్ టు దీ."

కొబ్బరాకు
అసలు 14 లైన్లే ఎందుకు? 12 రాసి ఇంటికెళ్ళిపోవచ్చుగా.

గట్టుమీద_సుబ్బు
వెళ్ళాడు కూడా. షేక్‌స్పియర్ 126వది 12 లైన్లే, అన్నీ ద్విపదల్లా జంటలు. 1609లో అచ్చయినప్పుడు కింద రెండు లైన్లు ఖాళీగా బ్రాకెట్లు పెట్టి వదిలారు. 99వది 15 లైన్లు. 145వదానికి లైనుకి ఐదు దెబ్బల బదులు నాలుగే. మొత్తం 154లో ఇలా దారి తప్పేవి ఈ మూడే.

14 సంగతికొస్తే, 13వ శతాబ్దంలో సిసిలీ ఆస్థానంలో జాకొమో ద లెంతీని అనే ఆయన మొదలెట్టాడంటారు. 8 లైన్లలో విషయం ఎత్తుకుని 6 లైన్లలో తిప్పడం. తర్వాత ఇటలీ కవి పెట్రార్క్ చేతిలో అది ప్రసిద్ధికెక్కింది. ఇంగ్లీషులోకి వయట్, సర్రే అనే కవులు తెచ్చారు. ఇటాలియన్‌లో అంత్యప్రాసలు కుప్పలుతెప్పలు, ఒకే ప్రాస నాలుగుసార్లు వాడినా తరగవు. ఇంగ్లీషుకి ఆ సౌకర్యం తక్కువ. అందుకే సర్రే నాలుగేసి లైన్ల ముక్కలు మూడు, చివర ఒక జంట అని విడగొట్టాడు. ఒక్కో ప్రాస రెండేసి సార్లు వస్తే చాలు.

ఎత్తుగీతి
ఎనిమిది ఎత్తుకుని ఆరింట తిప్పడం అంటే మన సీసపద్యమే కదండీ! సీసానికి నాలుగు పాదాలు, ఒక్కోటి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. పొడుగు కాబట్టి రెండేసి ముక్కలుగా రాస్తాం, చూడ్డానికి ఎనిమిది లైన్లు. దాని కింద తేటగీతో ఆటవెలదో నాలుగు పాదాలు. వర్ణన అంతా సీసంలో పోసి, అసలు మాట ఎత్తుగీతిలో అంటారు. నా పేరు ఊరికే పెట్టుకోలేదు.

చెరువుగట్టు_రాజు
పోలిక పెట్రార్క్ సానెట్ వరకు కుదురుతుంది. షేక్‌స్పియర్‌ది సీసం కాదు. అక్కడ మూడుసార్లు ఎత్తుకుని చివరి రెండు లైన్లలో కొట్టాలి. ఇంకో తేడా, ఎత్తుగీతిలో గణాల నడక కూడా మారిపోతుంది, చెవికి ఇట్టే తెలుస్తుంది. సానెట్‌లో మలుపొచ్చినా అదే పెంటామీటర్. కాబట్టి మలుపుని మాటల్లో వెతుక్కోవాలి.

ఎత్తుగీతి
18వదాంట్లో తొమ్మిదో పాదం "బట్" అని మొదలవుతోంది. అక్కడే తిరిగింది. ఎనిమిది, ఆ తర్వాత తిరుగుడు. నా సీసం నాకు కనపడుతోంది.

చెరువుగట్టు_రాజు
సరే, అది నిజమే. ప్రాసలు సర్రే పద్ధతి, మలుపు పెట్రార్క్ చోటు. ఎనిమిది లైన్లు వేసవి ఎంత చపలమో చెప్పి, "బట్ దై ఎటర్నల్ సమ్మర్ షల్ నాట్ ఫేడ్" అన్నాడు. లంకపిల్లా, ఈ రెండు నిర్మాణాలూ ఒకేసారి నడుస్తున్నాయని రాయి. గైడులో అది ఉండదు.

లంకపిల్ల
మలుపు ఎప్పుడూ తొమ్మిదో లైన్లోనేనా?

చెరువుగట్టు_రాజు
కాదు. మిల్టన్ చూపు పోయాక తన గుడ్డితనం మీద రాసిన సానెట్ పెట్రార్క్ పద్ధతిలోది. అందులో ఎనిమిదో లైను సగంలోనే "బట్ పేషన్స్" అని వచ్చేస్తుంది. సణుగుడు పూర్తవకముందే ఓర్పు అడ్డుపడి జవాబు చెబుతుంది. తొమ్మిది దాకా ఆగి ఉంటే ఓర్పుకి అంత తొందర ఉన్నట్టు తెలిసేది కాదు.

కొబ్బరాకు
ఓర్పుకి తొందరేంటండీ బాబూ.

పంతులమ్మ_తణుకు
ప్రాసల దగ్గర ఒకటి ఎవరూ ముట్టుకోలేదు. రెండో లైను చివర "టెంపరేట్", నాలుగో లైను చివర "డేట్". ఇప్పటి ఇంగ్లీషువాళ్ళు దాన్ని టెంప్రిట్ అని నలిపేస్తారు. అలా చదివితే సిలబుల్ ఒకటి తగ్గిపోతుంది, ప్రాసా పోతుంది. మూడు సిలబుల్సూ పూర్తిగా పలికి, చివరి రేట్ మీద కాస్త నిలబడితేనే 10 పూర్తవుతాయి, డేట్‌తో కలుస్తుంది.

కొబ్బరాకు
అంటే మా ఆవిడ చదివినట్టు టెం-ప-రేట్. స్పోకెన్ ఇంగ్లీషు వాళ్ళకి ఫీజు కట్టి మరీ మాన్పించిన ఉచ్చారణే షేక్‌స్పియర్‌కి కావలసి వచ్చింది. ఆయ్!

పంతులమ్మ_తణుకు
నవ్వుతారుగానీ నిజం. ఏడో లైన్లో "ఎవ్రీ" మాత్రం రెండే. "డిమ్డ్"లో కామా పెట్టి మింగిన అచ్చు కూడా అందుకే, డిమ్మెడ్ అని చదివితే 11 అవుతాయి. లైను ఎక్కడ సాగాలో ఎక్కడ ముడుచుకోవాలో ఛందస్సే చెబుతుంది.

లంకపిల్ల
చివరి రెండు లైన్లు చేస్తుంటే ఒకటి కనపడింది. "సో లాంగ్ యాజ్ మెన్ కెన్ బ్రీద్ ఆర్ ఐస్ కెన్ సీ", దాని కింద మాస్టారు చెప్పిన లైను. రెండింట్లో ఒక్కటి కూడా రెండు సిలబుల్స్ మాట లేదు. 20 సిలబుల్స్, 20 మాటలు. పై 12 లైన్లలో ఇలాంటి లైను ఒక్కటీ లేదు, అన్నీ చూశాను. ఇది రాయొచ్చా? గైడులో లేదు.

గట్టుమీద_సుబ్బు
రాయొచ్చా అని అడుగుతావేంటమ్మా! దీనికే మిగతా 7 మార్కులూ. పైన టెంపరేట్లు, కాంప్లెక్షన్లు, పొసెషన్లు ఉన్నంతసేపూ ఒత్తు ఎక్కడ పడాలో మాటే నిర్ణయించింది. ఇక్కడ అన్నీ ఒంటి సిలబుల్సే, ఒత్తు ఎక్కడ వేయాలో చెప్పే మాట లేదు. అయినా 13వ లైన్లో మెన్, బ్రీద్, ఐస్, సీ మీద చెవి తడబడకుండా దెబ్బ పడుతుంది. 12 లైన్ల పాటు నడిచిన తాళం మనసులో కుదురుకున్నందువల్ల.

ఎత్తుగీతి
"దిస్" రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ ఒత్తు పడే చోటే. మామూలు మాటల్లో దిస్‌కి అంత బరువుండదు. ఇదిగో ఈ పద్యం, ఇదీ నిన్ను బతికించేది అని వేలు పెట్టి చూపిస్తున్నాడు. అది గణం చేసిన పని.

ర్యాలి_రవి
మాస్టారూ, మరి సానెట్ మన ఛందస్సులో రాయొచ్చా?

ఎత్తుగీతి
బెంగాలీలో మైకేల్ మధుసూదన్ దత్తు రాశారు. ఇంగ్లీషు ఒత్తుని అరువు తెచ్చుకోలేదు. వాళ్ళ పయార్ ఛందస్సుకున్న 14 అక్షరాల పాదాన్నే తీసుకుని అలాంటివి 14 పేర్చారు. 1866లో పుస్తకంగా వచ్చింది. నన్ను రాయమంటే తేటగీతి పాదాలు తీసుకుంటాను. ప్రాస నియమం లేదు కాబట్టి అంత్యప్రాసకి చెయ్యి ఖాళీగా ఉంటుంది. ఎవరైనా మొదలెట్టండి, దిద్దుతాను.

యానాం_వాసి
దత్తులంటే గుర్తొచ్చింది. తోరు దత్ "ద లోటస్" కూడా సిలబస్‌లో ఉంటుంది కదా? ఆవిడకి ఫ్రెంచి మహా బాగా వచ్చు, ఫ్రెంచి పద్యాలు ఇంగ్లీషులోకి తెచ్చింది. 1877లో పోయింది, అప్పటికి 21 ఏళ్ళే.

లంకపిల్ల
ఉందండీ, రెండో యూనిట్‌లో. అది పెట్రార్క్ పద్ధతే. మొదటి ఎనిమిదింట్లో లిల్లీ గొప్పా గులాబీ గొప్పా అని తగువు, ఏబీబీఏ ఏబీబీఏ. తర్వాత ఆరింట్లో తామర వస్తుంది, సీడీసీడీడీసీ. కానీ మొదటి లైను "లవ్ కేమ్ టు ఫ్లోరా ఆస్కింగ్ ఫర్ ఎ ఫ్లవర్" లెక్కపెడితే 11 వస్తున్నాయి. చివర ఒత్తులేని సిలబుల్ ఒకటి మిగిలింది కాబట్టి ఫెమినైన్ ఎండింగ్ అని రాయనా?

పంతులమ్మ_తణుకు
ముందు రెండో లైను చెయ్యి. అందులోనూ ఫ్లవర్స్ ఉంది, కాకపోతే లైను మధ్యలో.

లంకపిల్ల
"దట్ వుడ్ ఆఫ్ ఫ్లవర్స్ బి అన్‌డిస్‌ప్యూటెడ్ క్వీన్." ఫ్లవర్స్‌కి రెండు వేస్తే 11, పైగా ఆ తర్వాత ఒత్తులన్నీ ఒక చోటు పక్కకి జరిగిపోతున్నాయి. ఒకటే వేస్తే 10, క్వీన్ మీద సరిగ్గా ఐదో దెబ్బ. ఎనిమిదో లైను "ఫ్లవర్ ఫ్యాక్షన్స్" కూడా అంతే. అంటే ఆవిడ ఫ్లవర్‌ని ఒక్క సిలబుల్‌గానే పలికింది. అప్పుడు మొదటి లైనూ 10. దాంతో ప్రాస కలిసే పవర్, టవర్, బవర్ కూడా ఒక్కోటే.

గట్టుమీద_సుబ్బు
కరెక్ట్. ఫెమినైన్ ఎండింగ్ కొట్టెయ్. ఇక ఆ మొదటి లైన్లో "లవ్ కేమ్" ఏ గణమో రాజుగారూ, పంతులమ్మగారూ మళ్ళీ మొదలెట్టండి.

చెరువుగట్టు_రాజు
ట్రోకీ.

పంతులమ్మ_తణుకు
స్పాండీ.